ఒక్క గజం దూరంలో పాస్ వేయడం తప్పేనా? 2015 సూపర్ బౌల్ మీద తెగని తగాదా

బెల్వ్యూ_బంటి:
నిన్న ఆఫీసు లంచ్‌లో మళ్లీ అదే గొడవ. సియాటిల్ చుట్టుపక్కల ఉండేవాళ్లకి కథ చెప్పక్కర్లేదు. మిగతావాళ్ల కోసం నాలుగు ముక్కల్లో చెప్తా. 2015 ఫిబ్రవరి 1, అరిజోనాలోని గ్లెండేల్, అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనలైన సూపర్ బౌల్. న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ 28, మా సీహాక్స్ 24. బంతి మా దగ్గరే ఉంది. గోల్ గీత ఒక్క గజం దూరం, దాటితే మేమే ముందుంటాం. 26 సెకన్లు, గడియారం ఆపించుకోడానికి ఒక టైమవుట్, ఇంకా మూడు డౌన్లు, అంటే మూడు ప్రయత్నాలు. పక్కన మార్షాన్ లించ్ నిలబడి ఉన్నాడు, ఆ రోజు 102 గజాలు పరిగెత్తినవాడు. ముందు డౌన్‌లోనే నాలుగు గజాలు తోసుకుపోయాడు. బంతి అతని చేతిలో పెట్టకుండా, మా జట్టులో పాస్‌లు వేసే రసెల్ విల్సన్ చేత మధ్యలోకి పాస్ వేయించారు. మాల్కమ్ బట్లర్ అని, డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్తవాళ్లను ఎంచుకునేది) ఎవరూ తీసుకోని పేట్రియట్స్ కొత్త కుర్రాడు, మధ్యలో దూరి లాగేసుకున్నాడు. అంతే సంగతులు.

నా మాట ఒక్కటే. అక్కడ పాస్ వేయడం బుద్ధున్నవాడు చేసే పని కాదు. కాదనేవాళ్లు రండి.

కరీంనగర్_కుర్రోడు:
అన్నా, నాకు ఈ ఆట కొత్త. మా అక్కోళ్లు డాలస్‌ల ఉంటరు, మొన్న పోయినప్పుడు బావ టీవీల చూపెట్టిండు. ఒక్క గజమే ఉంటే ఉరికితే అయిపోతది గదా? పాస్ కింద పడితే ఏమైతది? ఎన్నిసార్లైనా ఇసరొచ్చా?

గజం_లెక్క:
తమ్ముడూ, ముందు నీకు చెప్పి తర్వాత బంటి గారి సంగతి చూస్తా.

పది గజాలు వెళ్లడానికి నాలుగు ప్రయత్నాలు ఇస్తారు. ఒక్కో ప్రయత్నం ఒక డౌన్. గోల్ దగ్గర పది గజాలు లేకపోతే నాలుగు డౌన్లలో గీత దాటాలి. ఒక డౌన్‌లో ముందుకు పాస్ ఒక్కసారే వేయాలి, అదీ ఆట మొదలైన గీత వెనక నుంచే. వెనక్కో పక్కకో ఎన్నిసార్లైనా విసురుకోవచ్చు. పాస్ కింద పడితే గజాలు రావు, డౌన్ పోతుంది, కానీ గడియారం ఆగుతుంది. ఇది బాగా గుర్తుపెట్టుకో. పరిగెత్తినవాడిని మైదానం లోపలే పడగొడితే గడియారం నడుస్తూనే ఉంటుంది. అవతలివాడు పాస్ పట్టేస్తే బంతి వాళ్లదైపోతుంది.

ఇప్పుడు బంటి గారూ, మీ లెక్కలో 26 సెకన్లు కనబడటం లేదు. రెండో డౌన్‌లో లించ్ పరిగెత్తి ఆగిపోయాడనుకోండి. టైమవుట్ అడగాలి, ఉన్నది ఒక్కటే. మూడో డౌన్‌లో మళ్లీ పరిగెత్తి ఆగితే, గుట్టలా పడ్డ మనుషులు లేచి సర్దుకునేలోపు ఆటే అయిపోవచ్చు. అంటే మూడు డౌన్లూ పూర్తిగా వాడుకోవాలంటే ఒక్కసారైనా పాస్ వేయక తప్పదు. ఆ సీజన్‌లో ఒక గజం దూరం నుంచి అన్ని జట్లూ కలిపి వందకు పైగా పాస్‌లు వేశాయి. దీనికి ముందు ఒక్కటీ అవతలివాళ్ల చేతిలో పడలేదు. లించ్‌కి ఆ ఏడాది ఒక గజం నుంచి ఐదు అవకాశాలొస్తే గీత దాటింది ఒక్కసారి.

బెల్వ్యూ_బంటి:
ఐదు అవకాశాలతో ఏం తేలుతుంది? అయిదు టాస్‌లేసి నాణెం తప్పన్నట్టుంది. పైగా మీరు చెప్పినదాంట్లోనే బొక్క ఉంది. రెండో డౌన్ లించ్, టైమవుట్, మూడో డౌన్ పాస్, పడిపోతే గడియారం ఆగుతుంది, నాలుగో డౌన్ ఏదైనా. అలా కూడా మూడూ వాడుకోవచ్చు కదా! రెండోదే పాస్ కావాలని ఎక్కడ రాసుంది?

గజం_లెక్క:
మంచి దెబ్బే కొట్టారు. వాడుకోవచ్చు, నిజమే. తేడా ఎక్కడంటే, మీ దారిలో మూడో డౌన్ వచ్చేసరికి టైమవుట్ ఉండదు. పాస్ అని స్టేడియంలో పల్లీలమ్మేవాడికి కూడా తెలిసిపోతుంది. ముందే పాస్ వేసి అది కింద పడితే, మూడో డౌన్‌లో టైమవుట్ చేతిలో ఉంటుంది, పరుగో పాసో అవతలివాడు తేల్చుకోలేడు. దాపరికం ఒక డౌన్ ఎక్కువ నిలుస్తుంది. దానికోసమే ఆ పాస్. సీహాక్స్ అప్పటి కోచ్ పీట్ కారల్ కూడా తర్వాత ఇంచుమించు ఇదే చెప్పాడు. ఎదురుగా పరుగును ఆపే బరువైన జట్టు నిలబడితే, దాని మీదికి ఒక డౌన్ వృథా చేయడమెందుకన్నాడు.

బోస్టన్_బావగారు:
మా పేట్రియట్స్ వైపు నుంచి నేనూ రెండు మాటలు. మా అప్పటి కోచ్ బెలిచిక్ ఏం చేశాడో ఎవరూ చెప్పట్లేదు. లించ్‌ని గజం దూరంలో పడేసినప్పుడు దాదాపు నిమిషం ఉంది. అందరూ ఆయన టైమవుట్ అడుగుతాడనుకున్నారు. అడగలేదు. గడియారాన్ని అలా కరగనిచ్చాడు. ఆ 26 సెకన్ల ఇరుకు అలా వచ్చిందే. పైగా బరువైన మనుషులతో పాటు ముగ్గురు కార్నర్లను, అంటే పాస్‌లు అడ్డుకునేవాళ్లను, దింపాడు, బట్లర్ ఆ మూడోవాడు. ఈ ప్లేకే ప్రాక్టీసులో బోల్తాపడ్డానని అతనే చెప్పుకున్నాడు. రెండోసారి పడలేదు.

పాత_పంతులు:
నాయనా, మీరిద్దరూ రెండు ప్రశ్నల్ని ఒకే మూటలో కట్టి కొట్టుకుంటున్నారు. పాస్ వేయాలా అన్నది ఒకటి. *ఏ* పాస్ వేయాలి అన్నది వేరొకటి. మొదటిదాంట్లో గజం లెక్క వైపు నేను. రెండోదాంట్లో బంటి కోపం న్యాయమే.

వాళ్లు వేసింది స్లాంట్. కుడివైపు ఇద్దరు రిసీవర్లు, అంటే పాస్ పట్టేవాళ్లు, ఒకరి వెనక ఒకరు. ముందున్న కియర్స్ తన ఎదుటివాడిని బట్లర్ దారిలోకి నెట్టాలి, వెనకున్న లాకెట్ ఆ సందులోంచి ఏటవాలుగా లోపలికి రావాలి. ఆట మొదలైన గీత దాటి ఒక గజం లోపల అలా అడ్డు తగలడం తప్పు కాదు, కాబట్టి ప్లే చట్టబద్ధమే. కానీ మొత్తం భారం కియర్స్ నెట్టడం మీద ఉంది. అతని ఎదురుగా ఉన్నది బ్రాండన్ బ్రౌనర్, అంతకు ముందు ఏడాది దాకా సియాటిల్‌లోనే ఆడిన పొడగరి. కియర్స్‌ని ఉన్నచోటే కదలనివ్వలేదు. బట్లర్‌కి దారి ఖాళీ. ఇక లాకెట్ కన్నా ముందు చేరాడు.

నేనైతే విల్సన్‌ని పక్కకి పరిగెత్తించేవాణ్ని. కాళ్లున్నవాడు. సందు దొరికితే తనే దూరతాడు, రిసీవర్ ఖాళీగా ఉంటే వేస్తాడు, ఏదీ లేకపోతే బంతిని జనంలోకి విసిరేస్తాడు. గడియారం ఆగుతుంది, బంతి మనదే. గోల్ గీత అవతలి ఎండ్ జోన్ మూలకి ఎత్తుగా వేసే పాస్ అయినా సరే, పట్టితే మనవాడు, లేకపోతే గీత బయట. మధ్యలోకి వేసిన బంతి ఎవడి చేతికైనా తగలొచ్చు, ఎగిరి ఎక్కడైనా పడొచ్చు.

బోస్టన్_బావగారు:
పంతులుగారూ, మూలకి ఎత్తుగా వేసే పాస్ తేలికని ఎవరన్నారు? విల్సన్ పొట్టివాడు, మూల ఇరుకు. పక్కకి పరిగెత్తితే వెనక్కి పడిపోయి ఐదారు గజాలు పోయే ప్రమాదం, గడియారం కూడా నడుస్తుంది. స్లాంట్ అయితే ఒక్క క్షణంలో అయిపోతుంది.

పాత_పంతులు:
అది ఒప్పుకుంటాను. గజాలు పోతే నాకు దిగుల్లేదు, ఇంకో డౌన్ ఉంటుంది. బంతి పోకూడదు.

కరీంనగర్_కుర్రోడు:
ఇది 2007 టీ20 ఫైనల్‌ల మిస్బా లెక్కనే ఉన్నదే! నాలుగు బాల్స్‌ల ఆరు కావాలె, ముందు బాల్‌కే సిక్స్ కొట్టిండు. పోయి స్కూప్ కొట్టి శ్రీశాంత్‌కు దొరికిండు. తగిలుంటే మొనగాడు అనేటోళ్లు.

బెల్వ్యూ_బంటి:
తమ్ముడూ, మిస్బాది చివరి వికెట్, ఇంకో దారి లేదు. మా పక్కన లించ్ ఉన్నాడయ్యా. స్లాంట్ వరకు పంతులుగారితో ఒప్పుకుంటా. పాస్ సంగతి మాత్రం ఇంకా మింగుడుపడట్లేదు. లెక్క అర్థమైంది, కడుపు ఒప్పుకోవట్లేదు, ఏం చేయమంటారు.

కరీంనగర్_కుర్రోడు:
ఇంకొక్క డౌట్. బట్లర్ పట్టినంక ఇంకా 20 సెకన్లు ఉన్నయట గదా. పేట్రియట్స్ వాళ్ల సొంత గోల్ గీత మీదనే ఉన్నరు. అండ్లనే వాళ్లను పడగొడితే?

బోస్టన్_బావగారు:
తెలివైన ప్రశ్న. పడగొడితే సేఫ్టీ, రెండు పాయింట్లు, పైగా బంతి తిరిగి సియాటిల్‌కే. మోకాలేసి కూర్చుని గడియారం కరిగించడానికి కూడా చోటు లేదు మాకు. అప్పుడు మైకేల్ బెనెట్ తొందరపడి బంతి కదలకముందే గీత దాటాడు. ఐదు గజాలు ఉచితంగా వచ్చాయి.

బెల్వ్యూ_బంటి:
బావగారూ, ఆ ముక్క నేను కావాలనే రాయలేదు.