గుత్తి షెడ్డు డబ్ల్యుడీఎం2 మోడల్: నంబరు, గొట్టాలు, బోగీల గురించి సందేహం

ప్రశ్న (అనంతపురం నుంచి):

అందరికీ నమస్కారం. గుత్తి షెడ్డుకు చెందిన ఒక డబ్ల్యుడీఎం2 డీజిల్ ఇంజన్‌ను హెచ్‌ఓ స్కేలులో, అంటే 1:87 నిష్పత్తిలో తయారు చేస్తున్నాను. చిన్నప్పుడు తాడిపత్రి స్టేషనులో గూడ్సు బండిని జంటగా లాక్కుంటూ వచ్చిన ఇంజన్లే నా మనసులో ఉన్నాయి. ఆన్‌లైన్‌లో తెప్పించిన త్రీడీ ప్రింటు బాడీకి పాతకాలపు ఒంటి హెడ్‌లైటు ఉంది, బఫర్ బీముకు (ఇంజన్ చివర అడ్డంగా ఉండే దూలానికి) మాత్రం ఎయిర్ బ్రేకు గొట్టాలు ఉన్నాయి. ఈ రెండూ ఒకే ఇంజన్‌పై ఉండేవా? నేను ఎంచుకున్న నంబరు చివర 'ఆర్' అనే అక్షరం కూడా ఉంది, దాని అర్థం నాకు తెలియదు. ఆల్కో అనే అమెరికన్ కంపెనీ ఇంజన్ మోడల్ నుంచి తీసిన బోగీలు (ఇంజన్ కింది చక్రాల చట్రాలు) దీనికి సరిపోతాయా?

జవాబు 1 (గుంతకల్లు, విశ్రాంత లోకో పైలట్):

బాబూ, ఒంటి లైటు, ఎయిర్ గొట్టాలు కలిసి ఉండటం తప్పు కాదు. వాక్యూమ్ బ్రేకుతో వచ్చిన పాత ఇంజన్లకు తర్వాత ఎయిర్ బ్రేకు అమర్చారు. జంట హెడ్‌లైటు వచ్చింది ఆ తర్వాతే, కాబట్టి మధ్యలో కొన్నేళ్లు మీరు చెప్పిన రూపంలోనే అవి తిరిగాయి. అయితే ఆ రోజుల్లో రెండు రకాల బండ్లూ లాగాలి కనుక లావుపాటి వాక్యూమ్ గొట్టం కూడా పక్కనే వేలాడేది. మీ బాడీకి అది లేకపోతే అదే అసలు లోపం. ఎయిర్ గొట్టాల్లో బ్రేకు పైపు కాక్ (కవాటం) పిడికి ఆకుపచ్చ, ఫీడు పైపు పిడికి తెలుపు వేయండి. జంటగా నడిచిన ఇంజన్లంటున్నారు కదా, వాటి మధ్య జంపర్ కేబుల్ (రెండు ఇంజన్లనూ కలిపి నడిపేందుకు వేసే విద్యుత్ తీగ) మరిచిపోకండి.

ఇక 'ఆర్' సంగతి. పటియాలా కర్మాగారంలో పునర్నిర్మించిన ఇంజన్ల నంబరుకు ఆ అక్షరం చేర్చేవారు. వాటిలో చాలావాటి శక్తిని 2600 నుంచి 3100 అశ్వశక్తికి పెంచారు, అప్పుడు వర్గం పేరే డబ్ల్యుడీఎం3ఎగా మారింది. మీ జ్ఞాపకం పాతకాలానిదైతే 'ఆర్' లేని నంబరే న్యాయం. ఇంకో తమాషా ఏమిటంటే, ఈ ఇంజన్లు తయారైన వారణాసి కర్మాగారంలో 18 వేలతో మొదలయ్యే నంబర్ల వరుస నిండాక 17 వేలకు, ఆపై 16 వేలకు దిగారు. పెద్ద నంబరు చూసి కొత్త ఇంజన్ అనుకుంటే పొరబడినట్టే.

జవాబు 2 (కడప నుంచి):

పెద్దాయన చెప్పినవాటికి కొలతలు జోడిస్తాను. బఫర్ల మధ్య పొడవు సుమారు 17.12 మీటర్లు, అంటే మోడల్‌లో దాదాపు 197 మి.మీ. రావాలి. మన బ్రాడ్‌గేజి 1676 మి.మీ., దాన్ని 87తో భాగిస్తే 19.3 వస్తుంది, కానీ దుకాణంలో దొరికే హెచ్‌ఓ పట్టాలు 16.5 మాత్రమే. ఆ 2.8 మి.మీ. తేడాను ఎక్కడ దాచాలన్నదే అసలు చిక్కు. బోగీ పక్క ఫ్రేములను పట్టాలకు తగ్గట్టు లోపలికి జరిపితే ఇంజన్ సన్నని కాళ్ల మనిషిలా కనిపిస్తుంది. నా మొదటి మోడల్ అలాగే పాడైంది. ఇప్పుడు ఫ్రేములను అసలు వెడల్పులోనే ఉంచి, చక్రాలను మాత్రం లోపలికి పోనిస్తున్నాను. ఎదురుగా వంగి చూస్తే తప్ప ఆ తేడా తెలియదు.

ట్రైమౌంట్ అనే అమెరికన్ మూడు ఇరుసుల బోగీ వాడవచ్చు, కానీ దాని చక్రం అసలు వ్యాసం 40 అంగుళాలు, మనది కొత్తగా ఉన్నప్పుడు 1092 మి.మీ., అంటే 43 అంగుళాలు. మోడల్‌లో 12.5 మి.మీ. చక్రాలు వేసుకోండి. మూడు ఇరుసుల మధ్య ఎడం సమానంగా ఉండదు. ఎక్కువ ఎడం ఎటువైపు రావాలో పక్కనుంచి తీసిన ఫోటోలో చూసుకున్నాకే బోగీలు బిగించండి. ఆ ఫోటోను 197 మి.మీ. పొడవుకు ప్రింటు తీసి బల్లపై పరచుకుంటే, స్కేలు కన్నా అదే బాగా పనికొస్తుంది.

ప్రశ్న అడిగినవారు:

ఇద్దరికీ ధన్యవాదాలు. 'ఆర్' నంబరు మానేస్తున్నాను. వాక్యూమ్ గొట్టాన్ని గిటారు తీగ చుట్టిన సన్నని వైరుతో చేసి చూశాను, పక్కన ఎయిర్ గొట్టాలు ఇప్పుడు మరీ సన్నగా కనిపిస్తున్నాయి. బహుశా అసలు ఇంజన్‌పైనా అంతేనేమో, పెద్దాయనే చెప్పాలి.