డేజన్‌లో కొత్తగా దిగిన తమ్ముడికి: అన్నం సరే, అంచుకు ఏంటి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మాది హైదరాబాద్, దిల్‌సుఖ్‌నగర్. ఎం.ఎస్. చదవడానికి ఆగస్టు చివర్లో కొరియాకి, డేజన్‌కి వచ్చాను. మాంసం, చేపలు తినను, గుడ్డు పర్వాలేదు. క్యాంటీన్‌లో ఏం తినాలో తెలియక నెలన్నరగా బ్రెడ్డు, అరటిపండు, ప్యాకెట్ నూడుల్స్‌తో నెట్టుకొస్తున్నాను. ఇంటి నుంచి ఏం తెప్పించుకోమంటారు?

జవాబు:
తమ్ముడూ, నేను అదే ఊళ్లో ఆరేళ్లు ఉండి, తార్నాకకి తిరిగొచ్చి రెండేళ్లయింది. నీ ప్రశ్న చూశాక జవాబు రాయకుండా ఉండలేకపోయాను. మొదటి మూడు నెలలు నేనూ ఇలాగే బ్రెడ్డు మీద గడిపి, నీరసం వచ్చి ఒకరోజు ల్యాబ్‌లో కళ్లు తిరిగి పడిపోయాను. నీకు ఆ పరిస్థితి రాకూడదు.

ముందు ఆ నూడుల్స్ సంగతి. అక్కడి చాలా ప్యాకెట్లలో సూప్ పొడిలో గొడ్డు మాంసం సారం ఉంటుంది. ముక్కలు కనపడవు కాబట్టి మనకి తెలియదు. ఇవాళే ఫోన్‌తో లేబుల్ అనువాదం చేసి చూసుకో.

ఇక అసలు మాట. మన ఇళ్లల్లో కంచం ముందు కూర్చోగానే "అంచుకు ఏముంది?" అంటాం కదా, ఆ ఒక్క మాట పట్టుకుంటే కొరియా భోజనం నీకు అర్థమైపోతుంది. అన్నమే భోజనం, చుట్టూ ఉన్న చిన్న గిన్నెలన్నీ అంచుకు. వాటినే వాళ్లు బంచన్ అంటారు. తేడా ఎక్కడుందంటే, మనం వరసలో తింటాం. పప్పు, కూర, పులుసు, చారు, చివరికి పెరుగు, ఒక్కోదానితో అన్నం కలుపుకుంటూ పోతాం. వాళ్లు అన్నీ ఒకేసారి ముందు పెట్టుకుని, ఉత్త అన్నం ఒక ముద్ద తిని, పక్కన ఒక ముక్క కొరుక్కుంటారు. ఆవకాయ బద్ద నంజుకున్నట్టే. నేను మొదట్లో వాళ్ల ఆకుకూరని మన కూరలా అన్నం నిండా కలపాలని చూసి, ఉప్పుగా ఉంది, సరిపోవట్లేదు అని బాధపడేదాన్ని. అది కలుపుకునేది కాదు, నంజుకునేది. అలా తిన్నాకే రుచి తెలిసింది.

చిన్న హోటళ్లలో ఈ బంచన్ గిన్నె ఖాళీ అయితే మళ్లీ అడగొచ్చు, చాలాచోట్ల డబ్బులు తీసుకోరు. మొహమాటపడకు. వడ్డించే పెద్దావిడని "ఇమో" అని పిలువు. అమ్మ తోడబుట్టిన ఆవిడని అలా పిలుస్తారు, మన పిన్నీ, పెద్దమ్మా అన్నట్టే. పలకరింపు కూడా మనలాంటిదే. "బప్ మొగొస్సొయో?" అంటే "అన్నం తిన్నారా?" అని.

మా క్యాంపస్ వెనక అలాంటి ఇమో ఒకావిడ నాకు కోంగ్‌నముల్ నేర్పింది. సోయా మొలకలు, పసుపుపచ్చ తలలతో పెసర మొలకల కంటే పొడుగ్గా ఉంటాయి. కడిగి గిన్నెలో వేసి, కాసిని నీళ్లు, చిటికెడు ఉప్పు వేసి మూత పెట్టాలి. నేను ఉడికాయో లేదో చూద్దామని మూత తీయబోతే చెయ్యి పట్టుకుని ఆపేసింది. మధ్యలో తీస్తే పచ్చివాసన అలాగే ఉండిపోతుందట. ఐదారు నిమిషాలాగి, నీళ్లు వంపేసి, వేడిగా ఉండగానే దంచిన వెల్లుల్లి, ఉల్లికాడ తరుగు, వేయించిన నువ్వులు, చివర్లో ఒక చెంచా నువ్వుల నూనె వేసి చేత్తో కలిపింది. పోపు లేదు, పొయ్యి మీద పెట్టిన నూనే లేదు. మనకి వాసన అంతా ముందు వేసే పోపులో ఉంటుంది, వాళ్లకి ఆఖర్న చల్లే ఆ నూనెలో ఉంటుంది. గింజలు వేయించి తీసిన నూనె అది, చాలా ఘాటు. దానితో వేపుడు చేయకు, ఆవకాయ అసలు కలపకు. పాలకూర కూడా ఇదే పద్ధతి: వేడినీళ్లలో అర నిమిషం ముంచి తీసి, గట్టిగా పిండి కలపడమే.

నువ్వు శాకాహారివి కాబట్టి జాగ్రత్తగా చదువు. కిమ్చీ చూడ్డానికి క్యాబేజీ తొక్కులా ఉన్నా, మామూలుగా అందులో ఉప్పు రొయ్యలో, చేపల సాసో వేసి పులియబెడతారు. సూపులు చాలావరకు ఎండు నెత్తళ్ల నీళ్లతో కాస్తారు. నేను ఒకచోట మాంసం వద్దని రెండుసార్లు చెప్పి తాగిన సూపులో అడుగున ఆల్చిప్పలు తేలాయి. వాళ్ల తప్పేం లేదు. "గోగి" అంటే వాళ్ల వాడుకలో పశువుల మాంసం, చేపలూ రొయ్యలూ ఆ లెక్కలోకి రావు. అందుకని వాటి పేర్లు కూడా విడిగా చెప్పు. సూపర్ మార్కెట్లో వీగన్ కిమ్చీ దొరుకుతుంది. బౌద్ధ ఆలయాల భోజనం దొరికితే వదలకు. మాంసం, చేపలే కాదు, మన మడి వంటలో లాగా ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు.

నవంబరు చివర్లో ఇళ్లల్లో అందరూ కలిసి చలికాలానికి కిమ్చీ పెట్టుకుంటారు, కిమ్‌జాంగ్ అంటారు. 2013లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. ఎవరైనా పిలిస్తే తప్పకుండా వెళ్లు, తినకపోయినా సరే. ఎండాకాలంలో మా అమ్మ, పిన్నులు డాబా మీద మామిడికాయ ముక్కలు తుడుస్తూ కూర్చునే దృశ్యమే నాకు అక్కడ కనిపించింది. చేతులకి కారం, మధ్యలో కబుర్లు, పిల్లలకి రుచి చూపించడం, అంతా అదే.

ఇంటి నుంచి తెప్పించుకోవాల్సినవి తక్కువే: ఇంగువ, ఆవాలు, జీలకర్ర, గింజ తీసిన చింతపండు, కరివేపాకు పొడి, నువ్వుల పొడి. పచ్చి కరివేపాకు, పండ్లు, మాంసం పచ్చళ్లు వద్దు, తనిఖీలో తీసేస్తారు. కందిపప్పు, పొడవు బియ్యం సియోల్‌లో ఇతేవోన్ మసీదు దగ్గరి దుకాణాల్లో ఉంటాయి, హైస్పీడ్ రైల్లో గంట ప్రయాణం.

చింతపండు చేతికొచ్చాక మొదట పచ్చిపులుసు చెయ్. పొయ్యితో పనిలేదు, నీ ఒక్క గదిలో పోపు పొగ గోల ఉండదు. వాళ్లకీ అలాంటిదే ఒకటుంది, ఓయ్ నేంగుక్ అని: సన్నటి కీర దోసకాయ తరుగు, వెనిగర్, చల్లటి నీళ్లు, పైన నువ్వులు. నేను దాంట్లో పచ్చిమిర్చి, ఉల్లిపాయ నలిపి వేసుకుని మన అన్నంలో పోసుకున్న రోజు, ఆర్నెల్ల తర్వాత మొదటిసారి కడుపునిండా తిన్నాను.

మళ్లీ ప్రశ్న:
అక్కా, చాలా థాంక్స్. నిన్న హోటల్లో కోంగ్‌నముల్ రెండుసార్లు అడిగి తిన్నాను! రెండు సందేహాలు. కారప్పొడి రెండు చెంచాలు వేసినా కారమే లేదు. పెరుగేమో ఏది కొన్నా తియ్యగా ఉంటోంది.

జవాబు:
ఆ కారం గోచుకారు. రంగు ఎక్కువ, ఘాటు తక్కువ, కాస్త తీపి కూడా ఉంటుంది. గుంటూరు కారం లెక్కన వేస్తే పప్పు ఎర్రగా అవుతుంది తప్ప కారం రాదు. కూరగాయల దగ్గర చోంగ్యాంగ్ గోచు అని సన్నటి పచ్చిమిర్చి అడుగు, అవి మనకి సరిపోతాయి. పెరుగు విషయంలో "ముగాదాంగ్" అని రాసున్న డబ్బా చూడు, చక్కెర కలపనిది అని అర్థం. ఒక్కటి కొని, పాలు కాచి గోరువెచ్చగా అయ్యాక అందులోంచి చెంచాడు తోడు వేసి, ఆపేసిన రైస్ కుక్కర్ పక్కన తువ్వాలు చుట్టి పెట్టు. రాత్రికి రాత్రే తోడుకుంటుంది.

అన్నానికి నీళ్లు తగ్గించు. పొట్టి బియ్యం కాబట్టి అరగంట నానబెట్టాక గ్లాసుకి గ్లాసు చాలు, మన సోనా మసూరిలా రెండు పోస్తే జావైపోతుంది. పెరుగన్నానికి మాత్రం ఆ జిగురే బాగుంటుంది. నేను శనివారం బేగంబజార్ వెళ్తున్నాను. మీ అమ్మగారికి ఏ ఇంగువ కొనాలో సందేహం ఉంటే ఈలోపు ఇక్కడే రాయి.