2011 నాటి ‘ది మపెట్స్’ను పాత అభిమానులు ఎలా స్వీకరించారు?

నమస్కారం. జేమ్స్ బాబిన్ దర్శకత్వంలో 2011లో వచ్చిన ‘ది మపెట్స్’ చిత్రాన్ని మా పదేళ్ల అమ్మాయితో కలిసి ఇటీవల చూశాను. 1976 నుంచి 1981 వరకు ప్రసారమైన ‘ది మపెట్ షో’ అనే బొమ్మల టీవీ కార్యక్రమాన్ని చూస్తూ పెరిగినవారికి ఈ బొమ్మల పునరాగమనం ఎలా అనిపించిందో తెలుసుకోవాలని ఉంది.

ఆ బొమ్మల్లో ముఖ్యమైన కప్ప కెర్మిట్ తన పెద్ద ఇంట్లో ఒంటరిగా నడుస్తూ పాడుతుంటే, గోడలకు వేలాడే పటాల్లోని పాత మిత్రులు ప్రాణం పోసుకుని గొంతు కలిపే సన్నివేశంలో నా కళ్లు చెమర్చాయి. ఆ కార్యక్రమంతో పరిచయం లేని నాకే అలా ఉంటే, పాత అభిమానుల సంగతి ఊహించగలను. అయితే మపెట్స్ సృష్టికర్త, కెర్మిట్‌ను మొదట ఆడించిన జిమ్ హెన్సన్ 1990లో మరణించిన తరువాత కెర్మిట్‌ను ఆడించిన స్టీవ్ విట్‌మైర్ గొంతు మీకు అలవాటైందా, లేక ఈ చిత్రంలోనూ ఏదో వెలితి వినిపించిందా? పంది బొమ్మ మిస్ పిగ్గీకి ఏళ్ల తరబడి ప్రాణం పోసిన ఫ్రాంక్ ఆజ్, ఈ స్క్రిప్టు పాత్రలను గౌరవించలేదని బహిరంగంగానే అన్నారు. ఆ మాట నన్ను కలవరపెట్టింది, ఎందుకంటే వాల్టర్ అనే కొత్త బొమ్మకు మపెట్స్‌పై ఉన్న ఆరాధనలో నాకు నిజమైన ప్రేమే కనిపించింది. ఆయన అభ్యంతరం మీకూ సబబుగా తోచిందా?

మరొక సందేహం: అమ్మాయికి ఇకమీదట పాత కార్యక్రమాన్ని మొదటి నుంచీ చూపించాలా, లేక 1979 నాటి తొలి చిత్రంతో మొదలుపెట్టాలా? దయచేసి తెలిసినవారు చెప్పగలరు.