దసరా నుంచి నాగుల చవితి దాకా ఖర్చులు, పైగా ఆయనకు లీవు: ఎలా సర్దుకోవాలి?

విజయనగరం కోడలు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మా ఆయన ఆర్మీలో నాయక్. ఇప్పుడు జమ్మూ వైపు ఫీల్డులో ఉన్నారు. నేను ఇద్దరు పిల్లలతో విజయనగరంలో అద్దెకుంటున్నాను. అత్తయ్య, మావయ్య గజపతినగరం దగ్గర పల్లెలో ఉంటారు. రెండెకరాల వరి ఉంది. లోన్ కటింగులు పోగా ఆయన నాకు నెలకు 32,000 పంపుతారు. మామూలు నెలల్లో లోటు లేదు. అద్దె 7,000, పాలు, కూరలు, పిల్లల ఆటో, అత్తయ్య షుగర్ మందులు పోయినా డ్వాక్రా పొదుపు కట్టగలుగుతున్నాను.

ఇబ్బందంతా దసరా నెలలో మొదలవుతుంది. పిల్లల రెండో టర్మ్ ఫీజు అప్పుడే కట్టాలి. పొలానికి ఎరువు, మందు, కూలీ అప్పుడే. ధాన్యం డబ్బు మాత్రం సంక్రాంతి దగ్గరపడితే గానీ చేతికి రాదు. దసరా వెళ్లిన మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను. ముందురోజు తొలేళ్లకే ఇల్లు నిండిపోతుంది. రెండు వైపుల చుట్టాలూ మా ఇంట్లోనే దిగుతారు. రావాలనే నాకూ ఉంటుంది, అమ్మవారి పండక్కి ఇల్లు బోసిగా ఉంటే నేనే ఉండలేను. ఆడపడుచుకు చీర, పిల్లలకు బట్టలు, ఆ తర్వాత దీపావళి.

ఈసారి ఆయనకు దసరాకే లీవు దొరికేలా ఉంది. అన్ని నెలల తర్వాత మనిషి ఇంటికొస్తుంటే ఖర్చు గురించి మాట్లాడడానికి నోరు రావట్లేదు. డీఏ (కరువు భత్యం) ఏరియర్స్ పడతాయి కదా అని ఆయన ధీమా. మీరంతా ఎలా నెట్టుకొస్తున్నారో చెప్పండి.

ఆమదాలవలస అక్క

చెల్లెమ్మా, మా ఆయన హవల్దార్‌గా రిటైరయ్యారు. సర్వీసంతా ఇల్లు నడిపింది నేనే కాబట్టి నాకు తెలిసింది చెప్తాను.

ముందు ఏరియర్స్ లెక్క కాగితం మీద వెయ్యి. 2025లో అక్టోబర్ 1న కేంద్రం 3 శాతం డీఏ పెంచి జూలై నుంచి ఇచ్చింది. మీ ఆయన బేసిక్, 5,200 మిలిటరీ సర్వీస్ పే కలిపి 40,000 అనుకో. 3 శాతమంటే నెలకు 1,200. జూలై, ఆగస్టు, సెప్టెంబర్‌కి మొత్తం 3,600. సిరిమాను నాటి మాంసానికీ బియ్యానికీ అయిపోతుంది. దాన్ని చూసుకుని మిలిటరీ క్యాంటీన్లో ఫ్రిజ్‌కో టీవీకో ఆర్డరు (ఏఎఫ్‌డీ) పెట్టుకోవద్దు.

పండగ ఖర్చు మనకు ముందే తెలుసు. లీవు ఖర్చు తెలీదు, మనల్ని ముంచేది అదే. మా ఆయన దిగిన మర్నాడు పొద్దున్న నేను టీ పెట్టేలోపే అరుగు మీద నలుగురు ఉండేవారు. ఒకరికి కూతురి పెళ్లి, ఒకరికి ఆటో ఫైనాన్స్, ఇంకొకరు 'మిలిటరీ సీసా తేలేదేటి బావా' అని. ఆరేడు నెలలు ఎవరూ లేని చోట ఉండొచ్చిన మనిషి ఆ అరుగు మీద కూర్చున్నాక కాదనలేడు. ఆయన్ని తప్పుపట్టను. అందుకే రైలెక్కక ముందే ఫోన్లో తేల్చుకునేవాళ్లం. చేబదుళ్లకు ఇంత. అది దాటి ఎవరు అడిగినా 'ఇంట్లో అడిగి చెప్తాను' అనాలి. గట్టిదాన్నని నాకు పేరొచ్చినా పర్లేదని నేనే చెప్పాను. నువ్వూ చెప్పు. ఆయన వచ్చాక చెబితే గొడవవుతుంది, ఇప్పుడు చెబితే మాట అవుతుంది.

లీవు డబ్బు వేరుగా ఉండాలి. డిసెంబర్‌లో బ్యాంకులో నెలనెలా కట్టే చిన్న ఆర్డీ మొదలుపెట్టు, సెప్టెంబర్‌కి చేతికొచ్చేలా. ఈ ఏడాదికి కుదరదు గనక ఈసారి చుట్టాలకు బట్టలు తగ్గించు. ఆడపడుచు చీర మాత్రం మానొద్దు.

ఫీజు సంగతి. పిల్లల చదువు అలవెన్సు 2024 జనవరి నుంచి ఒక్కొక్కరికి నెలకు 2,812 రూపాయల 50 పైసలు. ఇద్దరికి ఏడాదికి 67,500. స్కూల్ నుంచి బోనఫైడ్ తీసుకుని, చదువు సంవత్సరం అయ్యాక క్లెయిమ్ పెడతారు. జీతంతో కలిసి పడుతుంది కాబట్టి జీతంలాగే కరిగిపోతుంది. పే స్లిప్పులో కనబడిన రోజే దాన్ని నీ ఖాతాకు వేరుగా పంపమను. దసరా ఫీజు అందులోంచి కట్టు.

క్యాంటీన్ నుంచి సబ్బులు, పేస్టు, టీపొడి తెచ్చుకో. చుట్టాల లిస్టు మాత్రం పట్టుకెళ్లకు.

మాజీ సుబేదార్, సోంపేట

అక్కగారు బాగా చెప్పారు. ఒక్కటి కలపాలి. మన జిల్లాల్లో అక్టోబర్ బడ్జెట్ అంటే అందులో తుఫాను కూడా ఉండాలి. హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబర్ 12న. తిత్లీ 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు పడిపోయాయి. నేనప్పుడు సర్వీసులో ఉన్నాను. ఇంటికి ఫోన్ కలవలేదు. మా ఇంటామె దగ్గర ఖాతాలో డబ్బుంది గానీ కరెంటు లేదు, ఏటీఎం పనిచేయలేదు. పాలు కొనడానికి చేతిలో నోట్లు లేవు.

అమ్మా, దసరాకి ముందే నాలుగైదు వేలు వంద, రెండొందల నోట్లుగా ఇంట్లో పెట్టుకో. పండక్కి కూడా అవి తీయకు. రెండో సిలిండర్ నింపి ఉంచు. డిపెండెంట్ కార్డు, క్యాంటీన్ కార్డు, పిల్లల సర్టిఫికెట్లు ఒకే ప్లాస్టిక్ కవర్లో పెట్టు.

పలాస నాన్న

మా వాడు అగ్నివీర్. మొదటి ఏడు ప్యాకేజీ 30,000, అందులో 9,000 సేవానిధికి (నాలుగేళ్లయ్యాక ఒకేసారి ఇచ్చే నిధి) పోయి చేతికి 21,000. డీఏ ఉండదు, కాబట్టి ఏరియర్స్ మాటే లేదు. నాలుగేళ్ల తర్వాత రెగ్యులర్‌లోకి తీసుకునేది 25 శాతం వరకే. అందుకని వాడు పంపేది పండగలకు ముట్టుకోం. దసరా, దీపావళి మా జీడి పిక్కల పని డబ్బుతోనే. పిల్లాడి డబ్బుతో టపాసులు కాల్చడానికి నాకు మనసొప్పదు.

విజయనగరం కోడలు

అక్కా, రాత్రి ఆయనతో మాట్లాడాను. ఏరియర్స్ 3,600 అని చెప్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత చేబదుళ్లకు 5,000 దాటనని ఆయనే అన్నారు. సుబేదార్ గారూ, సిలిండర్ బుక్ చేశాను.

పొలం ఖర్చు ఒక్కటే తేలట్లేదు. మావయ్య 15,000 అడిగారు. ఇవ్వక తప్పదు. తిరిగి అడగడం ఎలా?

ఆమదాలవలస అక్క

ఇచ్చేటప్పుడే అత్తయ్య గారి ముందు చెప్పు. 'మావయ్యా, ఇది పిల్లల ఫీజు డబ్బు, ధాన్యం డబ్బు ఖాతాలో పడగానే జనవరికి సర్దాలి' అను. మొత్తం ఒకేసారి ఇవ్వకు. ఎరువుకి ఇప్పుడు, కోత కూలీకి అప్పుడు. ఎరువు బిల్లు ఫోటో తీసి మీ ఆయనకు పంపు. జనవరిలో ఆ మాట ఎత్తాల్సింది ఆయన, నువ్వు కాదు.