ట్రాల్ (సముద్రపు అడుగున ఈడ్చే వల) సంచి బురదతో నిండితే ఆ లాగుడును లెక్కలోకి తీసుకోవచ్చా?

కాకినాడకు ఎదురుగా, 30 మీటర్ల లోతులో, గోదావరి ఒండ్రు పేరుకున్న చోట అడుగు జీవుల సర్వే. వల నోటి పైఅంచు తాడు (పైతాడు) 30 మీటర్లు, వేగం 2.5 నాట్లు, లాగుడు గంట. వల నోరు పైతాడులో సగం తెరుచుకుంటుందనుకుంటే ఊడ్చిన మేర సుమారు 0.07 చదరపు కిలోమీటర్లు.

చిక్కంతా ఆ 'అనుకుంటే'తోనే. 20 నిమిషాలకే వల నోటిని రెండు పక్కలా తెరిచి ఉంచే బోర్డులు మెత్తటి బురదలో దిగబడి, వాటిని పడవకు కలిపే వైర్లు దగ్గరపడి, నోరు ముడుచుకుపోతోంది. వైరు 150 మీటర్లు వదులుతున్నాం. 120కి తగ్గిస్తే బోర్డులు తేలికపడతాయా, లేక అడుగుతాడు నేల విడిచి పీతలు, నత్తలు కిందనుంచే జారిపోతాయా? లాగుడే 15 నిమిషాలకు కుదించడం మేలేమో.

ఇంకొకటి: గొట్టం ధార గట్టిగా పెట్టి బురద కడిగితే సన్న చేతుల సముద్ర నక్షత్రాలు ముక్కలై లెక్క తప్పుతోంది. మీరు జల్లెడకు ఎంత కన్ను వాడుతున్నారు?