అప్‌డేట్: ఆర్టీ-పీసీఆర్‌లో ఆ రెండో బ్యాండ్ ఏంటో తేలింది

పోయిన నెల అడిగాను కదా, ఆర్టీ-పీసీఆర్‌లో (ఆర్ఎన్ఏని డీఎన్ఏగా కాపీ చేసి, ఆ కాపీని పెంచి జెల్‌లో బ్యాండ్‌గా చూడటం) ఒక జీన్ రెండు ఎక్సాన్లలో (చివరి ఎంఆర్ఎన్ఏలో మిగిలే భాగాలు) ప్రైమర్లు (కాపీ మొదలయ్యే చోట అతుక్కునే చిన్న డీఎన్ఏ ముక్కలు) పెడితే 210 బేస్‌ల బ్యాండ్ ఒక్కటే రావాలి, దానిపైన 300 దగ్గర ఇంకోటి సన్నగా వస్తోంది అని. సాయం చేసినవాళ్లందరికీ థాంక్స్.

ఎక్కువమంది శాంపిల్‌లో జీనోమిక్ డీఎన్ఏ (కణంలోని అసలు డీఎన్ఏ) కలిసిందన్నారు, నేనూ అదే అనుకున్నా, కానీ రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ (ఆర్ఎన్ఏని డీఎన్ఏగా కాపీ చేసే ఎంజైమ్) వెయ్యకుండా పెట్టిన కంట్రోల్ లేన్ ఖాళీగా వచ్చింది, సో డీఎన్ఏ కాదు. అప్పుడు బ్యాండ్ కోసి సీక్వెన్సింగ్‌కి పంపితే మధ్యలో ఉన్న 92 బేస్‌ల ఇంట్రాన్ (ఎక్సాన్ల మధ్య ఉండి, తర్వాత కత్తిరించి తీసేసే భాగం) మొత్తం అలాగే ఉంది, ఇంట్రాన్లకి మామూలుగా ఉండేట్టే మొదట్లో జీటీ చివర్లో ఏజీ, ఒక్క అక్షరం పోలేదు. అంటే అది ఇంకా స్ప్లైసింగ్ (ఇంట్రాన్లు తీసేసి ఎక్సాన్లు కలపడం) అవ్వని ప్రీ-ఎంఆర్ఎన్ఏ, అంటే ఎంఆర్ఎన్ఏ ముందు రూపం!

పని చేసిన సలహా ఏంటంటే, ఆర్ఎన్ఏని డీఎన్ఏగా కాపీ చేసేటప్పుడు ప్రైమర్లుగా రాండమ్ హెక్సామర్లు (ఏ వరుసలోనైనా ఉండే ఆరు బేస్‌ల ముక్కలు) మానేసి ఆలిగో డీటీ (వరసగా టీలే ఉండే ముక్క) వాడమన్నది. హెక్సామర్లు దొరికిన ప్రతి ఆర్ఎన్ఏకీ అతుక్కుంటాయి, న్యూక్లియస్‌లో ఇంకా సగమే తయారైనవాటికి కూడా. ఆలిగో డీటీకి పాలీ-ఏ తోక (ఎంఆర్ఎన్ఏ చివర చేరే ఏల వరస) కావాలి. మార్చాక బ్యాండ్ బాగా తగ్గింది, పూర్తిగా పోలేదు, ఎందుకంటే తోక పడ్డాక కూడా కొన్ని ఇంట్రాన్లు మిగిలుంటాయి. సైటోప్లాజమ్ ఆర్ఎన్ఏ విడిగా తీసి చేస్తే అసలు కనపడలేదు.

ఎనీలింగ్ టెంపరేచర్ (పీసీఆర్‌లో ప్రైమర్లు అతుక్కునే వేడి) మార్చడం, కొత్త ఎంజైమ్ కొనడం రెండూ దండగే, వారం పోయింది.