సెకండ్ హ్యాండ్ ఫోన్: చూడకముందే అడ్వాన్స్ ఇవ్వొచ్చా?

చెల్లి చదువు కోసం ఆన్‌లైన్ ప్రకటనలో ఒక పాత ఫోన్ చూశానండి. ఫోటోల్లో బాగానే ఉంది, ధరే మరీ తక్కువ. అదే నా టెన్షన్. "వేరేవాళ్లు కూడా అడుగుతున్నారు, అడ్వాన్స్ పంపితే మీకే ఉంచుతా" అంటున్నాడు అమ్మే అతను. బిల్లు పోయిందట. వస్తువు కళ్లతో చూడకుండా డబ్బు పంపడానికి నాకు మనసొప్పడం లేదు.

నేరుగా కలిస్తే *#06# నొక్కి 15 అంకెల ఐఎంఈఐ నంబర్ (ఒక్కో ఫోన్‌కీ విడిగా ఉండే గుర్తింపు నంబర్) చూడాలని, పాత యజమాని ఫోన్‌లోంచి తన అకౌంట్ (గూగుల్ లాంటిది) తీసేశాడో లేదో చూసుకోవాలని తెలుసు. లేదంటే రీసెట్ చేశాక ఫోన్ లాకైపోవచ్చు. బ్యాటరీ సంగతి అక్కడికక్కడే ఎలా తెలుస్తుంది? బిల్లు లేనప్పుడు అది దొంగ ఫోన్ కాదని ఎలా నమ్మాలి? ఇలా కొన్నవాళ్లు, ముఖ్యంగా మోసపోయినవాళ్లు, ఏం జరిగిందో చెప్పండి. రేపటిలోగా అతనికి జవాబివ్వాలి.